చిన్నపిల్లలున్న ఇంట్లో స్విమ్మింగ్ పూల్: ముందు కంచె సంగతి తేల్చుకోండి

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్తాను. ఇంటి వెనక ఖాళీ స్థలం ఉంది. బాబుకి నాలుగేళ్లు, పాపకి ఏడాదిన్నర. పూల్ కట్టించుకోవాలని మీ ఆవిడకి ఎప్పట్నుంచో కోరిక. డబ్బు సర్దుబాటు అయింది, మీ భయమంతా పిల్లల గురించే. కాంట్రాక్టర్ మాత్రం హాలు అద్దాల తలుపు తీస్తే నేరుగా నీళ్ల దగ్గరికి దిగేలా ప్లాన్ గీసిచ్చి, "ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు కదండీ" అని తేల్చేశాడు. ఇప్పుడు కట్టించాలా, ఆగాలా అని అడిగారు.

పూల్స్ కట్టించడం, ఆ తర్వాత వాటి మెయింటెనెన్స్ చూడటం నా పని. మీరు సరే అంటేనే నాలాంటివాళ్లకి గిట్టుబాటు. అయినా చెప్తున్నాను, ఆ ప్లాన్‌తో మాత్రం వద్దు. ప్లాన్ మార్చి, నాలుగు వైపులా కంచె వేసుకునే చోటు దొరికితే అప్పుడు ఆలోచించండి. పాపకి ఐదేళ్లు దాటేదాకా ఆగగలిగితే మరీ మంచిది. స్థలం ఎక్కడికీ పోదు.

పూల్ కట్టించుకోవాలనుకునే ప్రతి ఇంట్లోనూ మాట్లాడుకునేది ఈత కొట్టే గంట గురించే. పిల్లలు కేరింతలు కొడుతుంటారు, అమ్మానాన్నలు నీళ్లలోనే ఉంటారు. ఆ గంటలో ప్రమాదం లేదనను గానీ, అప్పుడు అందరి ధ్యాసా నీళ్ల మీదే ఉంటుంది. నేను అడిగేది మిగతా ఇరవై మూడు గంటల సంగతి. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ 1980ల్లో అరిజోనా, కాలిఫోర్నియా, ఫ్లోరిడా రాష్ట్రాల్లో ఐదేళ్లలోపు పిల్లలు పూల్స్‌లో మునిగిన ఘటనల్ని పరిశీలించింది. ఆ పిల్లల్లో 69 శాతం మంది ఆ వేళకి పూల్ దగ్గర ఉంటారని పెద్దవాళ్లెవరూ అనుకోలేదు. 77 శాతం మంది కనబడకుండా పోయి ఐదు నిమిషాలకి మించలేదు. ఎక్కువమంది అమ్మో నాన్నో, లేదా ఇద్దరూ చూసుకుంటుండగా మునిగినవాళ్లే. అంటే అవి పిల్లల్ని గాలికొదిలేసిన ఇళ్లు కావు. పాపకి బట్టలు మార్చి, పాలు కలపడానికి వంటింట్లోకి వెళ్లే మామూలు ఇళ్లు.

"చూస్తూనే ఉంటారు" అనే మాట మీద నాకు నమ్మకం లేకపోవడానికి ఇంకో కారణం ఉంది. మునిగేటప్పుడు చప్పుడు కాదు. సినిమాల్లో చూపించినట్టు చేతులు ఊపడం, కేకలు వేయడం ఉండదు. ఫ్రాంక్ పియా అనే అమెరికన్ లైఫ్‌గార్డ్ నీళ్లలో మునిగిపోతున్నవాళ్ల తీరుని ఏళ్ల తరబడి గమనించి చెప్పిన విషయం ఇది: ఊపిరి అందనివాడికి అరిచే వీలే ఉండదు, చేతులు పక్కలకి చాచి నీటిని కిందికి నొక్కడం తప్ప సైగ చేయలేడు, 20 నుంచి 60 సెకన్లలో కిందికి వెళ్లిపోతాడు. ఏడాదిన్నర పాపకి ఆ పెనుగులాట కూడా చేతకాదు. ఆ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. గట్టు మీంచి వంగితే తలకిందులుగా పడుతుంది, పడ్డాక తల పైకెత్తుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో నీట మునిగి చనిపోయినవాళ్లు సుమారు 3 లక్షల మంది, అందులో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలు. అవన్నీ పూల్స్‌లో జరిగినవి కావు, చెరువులూ కాలువలూ బావులూ అన్నీ ఉన్నాయందులో. నేను ఆ అంకె చెప్పింది వయసు చూడమని.

ఇప్పుడు కంచె. నాలుగు వైపులా అంటే నాలుగు వైపులా. ఇంటి గోడనే నాలుగో వైపుగా లెక్కేసి మూడు వైపులతో సరిపెట్టడం మామూలైపోయింది. ఖర్చు తగ్గుతుంది, చూడ్డానికీ బాగుంటుంది. కానీ ఆ కంచె ఆపేది పక్కింటి పిల్లల్ని. మీ పిల్లలు వచ్చేది ఇంట్లోంచే కదా. ఇంటికీ పూల్‌కీ మధ్య కూడా అడ్డుండే కంచె, మూడు వైపుల కంచె కంటే బాగా కాపాడుతుందని పరిశోధనల్లో ఎప్పుడో తేలింది. మీ కాంట్రాక్టర్ ప్లాన్‌లో నాకు నచ్చనిది సరిగ్గా ఇదే. అద్దాల తలుపుకి పైన గడియ పెట్టుకుంటాం అంటారు. చుట్టాలొచ్చిన రోజు ఆ తలుపు ఎంతమంది తీస్తారో, తీసినవాళ్లలో ఎంతమందికి గడియ గుర్తుంటుందో ఒక్కసారి ఊహించుకోండి.

కొలతలు చెప్తాను, రాసిపెట్టుకోండి. ఈ విషయంలో ఆస్ట్రేలియా నిబంధనలు గట్టివి, నేను ఎక్కడ కట్టినా వాటినే పట్టుకుంటాను. కంచె ఎత్తు కనీసం 1.2 మీటర్లు. నిలువు కడ్డీల మధ్య సందు, కింద నేలకీ కంచెకీ మధ్య సందు 100 మిల్లీమీటర్లు దాటకూడదు, అంటే నాలుగంగుళాలు. పిల్లలు కాలు పెట్టి ఎక్కడానికి వీలయ్యే అడ్డ కడ్డీలు, డిజైన్లు ఉండకూడదు. కంచెని ఆనుకుని సుమారు 900 మిల్లీమీటర్ల మేర ఎక్కడానికి పనికొచ్చేదేదీ ఉండకూడదు. పూలకుండీ, ఏసీ బయటి యూనిట్, మోటారు పెట్టిన దిమ్మె అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. గేటు గడియ తీసే పిడి నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉండాలి. గేటు బయటి వైపుకే తెరుచుకోవాలి, పూల్ వైపుకి కాదు. పిల్లవాడు ఆనుకుని తోసినా అది మూసుకునే వైపుకే పోతుందన్నమాట.

అయితే కంచె ఎంత బాగున్నా దెబ్బ తినేది గేటు దగ్గరే. ఏ ఇంటికి వెళ్లినా నేను పూల్ చూడకముందే ఒక పని చేస్తాను. గేటుని ఒక వేలు పట్టేంత మాత్రమే తెరిచి వదిలేస్తాను. బార్లా తెరిచి వదిలితే ఆ ఊపుకి ఏ గేటైనా ధడేల్‌మని పడి గడియ పడుతుంది, అది పరీక్ష కాదు. వేలెడు సందు నుంచి వదిలినప్పుడు స్ప్రింగులో నిజంగా బలం ఉంటేనే గడియ నాలుక లోపలికి వెళ్తుంది. చాలా గేట్లు ఇక్కడే తప్పుతాయి. చూడ్డానికి మూసుకున్నట్టే ఉంటుంది, దగ్గరికెళ్లి చూస్తే నాలుక గూడు అంచుకి ఆనుకుని ఆగిపోయి ఉంటుంది, చిటికెన వేలితో తోస్తే తెరుచుకుంటుంది. కారణం ఏదో చిన్నదే అయి ఉంటుంది. వానలకి స్తంభం వెంట్రుకవాసి ఒరుగుతుంది, లేదా కీలుకి తుప్పు పడుతుంది. అందుకే ఈ పరీక్ష నెలకోసారి మీరే చేసుకోవాలి. ఇక గేటు మూసుకోకుండా అడ్డంగా ఇటుక పెట్టే అలవాటు ఒకటుంది, సామాన్లు మోసుకెళ్లేటప్పుడు వీలుగా ఉంటుందని. ఆ ఇటుకని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అంత ఖర్చు పెట్టి వేయించిన కంచెని అది ఒక్క క్షణంలో దండగ చేస్తుంది.

ప్లాస్టిక్ కుర్చీల్ని కూడా మర్చిపోకండి. మీ బాబు వయసు పిల్లలు కుర్చీని ఈడ్చుకెళ్లి కంచెకి ఆనించి ఎక్కడానికి పెద్దగా సమయం తీసుకోరు. వాడు ఎక్కితే పాప చూస్తుంది. తేలిగ్గా ఉండే కుర్చీలు పెరట్లో అసలు ఉంచకండి, ఉంచాల్సి వస్తే కదలని బరువైన బెంచీ వేయించండి, అదీ కంచెకి దూరంగా. ఈత అయ్యాక బంతులు, బొమ్మలు నీళ్లలోంచి తీసేసి కనబడకుండా పెట్టేయాలి. తేలుతున్న ఎర్ర బంతిని చూసి ఏ పిల్లా ఊరుకోదు.

కంచె బదులు కవర్ వేసుకోవచ్చా, అలారం పెట్టుకోవచ్చా అని తప్పకుండా అడుగుతారు. ఫ్రాన్స్‌లో 2003 చట్టం ఇళ్లలో నేలలోకి తవ్వి కట్టే పూల్స్‌కి కంచె, కవర్, అలారం, పైకప్పులాంటి మూత, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి ఉంటే చాలంటుంది. నేను మాత్రం చిన్నపిల్లలున్న ఇంట్లో కంచె ఉన్నాక మిగతావి అదనంగా పెట్టుకోమంటాను. అలారం మోగేది పిల్ల నీళ్లలో పడ్డాక. పైగా గాలికి నీళ్లు కదిలి ఊరికే మోగుతుంటే వారంలోపే ఎవరో ఒకరు కట్టేస్తారు. కవర్లలో రెండు రకాలున్నాయి, తేడా తెలియకపోతే ప్రాణాంతకం. నీళ్లు చల్లబడకుండా పరిచే బుడగల షీటు భద్రత కోసం చేసింది కాదు. దాని మీద పిల్ల అడుగేస్తే షీటు కుంగి, పక్కలనుంచి పైకి కప్పుకుంటుంది, కింద ఎవరున్నారో పైకి కనబడదు. భద్రత కోసం చేసే కవర్ గట్టుకి బిగించి ఉంటుంది, అమెరికన్ ప్రమాణం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పిల్లవాడి బరువు మోయగలగాలి. అలాంటిదాని మీద కూడా వాననీళ్లు నిలవనివ్వకూడదు. బోర్లా పడిన చంటిపిల్లకి నాలుగంగుళాల నీళ్లు చాలు.

బాబుకి ఈత నేర్పించేస్తే సరిపోతుంది కదా అన్నారు. నేర్పించండి, ఈ వారమే మొదలుపెట్టండి. పూల్ కట్టించినా కట్టించకపోయినా అది మంచి పని. ఏడాది దాటిన పిల్లలకి ఈత పాఠాలు మునిగే ప్రమాదాన్ని తగ్గించగలవని అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా చెప్తోంది. ఏడాది నిండనివాళ్ల విషయంలో అలాంటి ఆధారం లేదు. కానీ నిక్కరేసుకుని, టీచర్ పక్కనుండగా ఈదే నాలుగేళ్లవాడు, బట్టలతో సహా అనుకోకుండా పడితే అదే ఈత ఈదుతాడన్న భరోసా లేదు. చేతులకి తొడిగే గాలి బ్యాండ్లనైతే నేను ఆటబొమ్మల కిందే లెక్కేస్తాను. జారిపోతాయి, గాలి పోతుంది. ఇంకా చెడ్డదేమిటంటే, నీళ్లలో తను తేలుతానని పిల్లకి నమ్మకం కలిగిస్తాయి, అవి లేని రోజు కూడా.

ఈత వచ్చినా తప్పించుకోలేని ప్రమాదం ఇంకోటి ఉంది, అడుగున పంపు నీళ్లని లాక్కునే కంత, అంటే డ్రెయిన్. 2002లో అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు, ఏడేళ్ల వర్జీనియా గ్రీమ్ బేకర్, వేడినీళ్ల టబ్బులో డ్రెయిన్ లాగే బలానికి అడుగున అతుక్కుపోయి చనిపోయింది. ఈత బాగా వచ్చిన పాపే. తల్లి లాగినా రాలేదు. ఆ పాప పేరుతో 2007లో అక్కడ చట్టం చేసి, అమ్మే డ్రెయిన్ మూతలన్నీ భద్రతా ప్రమాణాలకి తగ్గట్టు ఉండాలన్నారు. మీ కాంట్రాక్టర్‌ని రెండు ప్రశ్నలు అడగండి. డ్రెయిన్లు ఒకదానికొకటి దూరంగా కనీసం రెండు ఉన్నాయా? ఒకదాన్ని ఒళ్లు మూసేసినా రెండోదాన్నుంచి పంపుకి నీళ్లు అందాలి. మూత చదునుగా ఉందా, ఉబ్బెత్తుగా ఉందా? చదునుది ఒంటికి అతుక్కుంటుంది. మూత విరిగిన రోజు, పగిలిన రోజు పూల్‌లోకి ఎవరూ దిగకూడదు, మోటారు స్విచ్ ఎక్కడుందో ఇంట్లో పెద్దవాళ్లందరికీ తెలియాలి. నీళ్లలో లైట్లు పెట్టిస్తే 12 వోల్టులవే పెట్టించండి, పూల్ కరెంటు లైనంతటికీ 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ట్రిప్ అయ్యి కరెంటు ఆపేసే బ్రేకర్ ఉండాలి. ఇక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు.

పని ఎంత ఉంటుందో ఎవరూ చెప్పరు కాబట్టి ఒక లెక్క వేసి చూపిస్తాను. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు అనుకోండి. దాదాపు 45 వేల లీటర్లు. ఎండలు బాగా ఉంటే రోజుకి 5 మిల్లీమీటర్లు ఆవిరైపోతుంది, అంటే 160 లీటర్లు. నెలకి దగ్గర దగ్గర ఐదు వేల లీటర్లు పోస్తూ ఉండాలి. ఒక హార్స్‌పవర్ మోటారు రోజుకి 8 గంటలు తిరిగితే సుమారు 6 యూనిట్ల కరెంటు, నెలకి 180. నీళ్లలో క్లోరిన్ కనీసం 1 పీపీఎం (పది లక్షల పాళ్లకి ఒక పాలు) ఉండాలి, ఎండకి క్లోరిన్ పోకుండా స్టెబిలైజర్ కలిపితే కనీసం 2. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 7.2కీ 7.8కీ మధ్య ఉండాలి. పరీక్ష వారానికి కనీసం రెండు మూడుసార్లు, పిల్లలు దిగే రోజైతే ఆ రోజు కూడా. ఆకులు తీయాలి, గోడలు రుద్దాలి, ఫిల్టర్ కడగాలి. ఇద్దరు చిన్నపిల్లలతో ఇప్పటికే ఊపిరాడని ఇంట్లో ఇది ఇంకో పిల్లని పెంచినట్టే. మీరు ఊరెళ్లి మోటారు ఆపేస్తే ఎండాకాలంలో రెండు మూడు రోజుల్లో నీళ్లు పచ్చబడతాయి. పచ్చ నీళ్లలో అడుగు కనబడదు. అడుగు కనబడని పూల్‌లో పడినవాళ్లని వెతకడం కూడా కష్టం, నన్ను టెన్షన్ పెట్టేది ఆ విషయమే గానీ అందం కాదు.

ఘాటుగా "క్లోరిన్ వాసన" వస్తే నీళ్లు శుభ్రంగా ఉన్నాయని చాలామంది అనుకుంటారు. నిజానికి చెమటా మూత్రమూ క్లోరిన్‌తో కలిసి తయారయ్యే పదార్థాల వాసన అది. చంటిపాప డైపర్ నీళ్లలో మలాన్ని కొంచెంసేపు ఆపుతుందేమో గానీ క్రిముల్ని ఆపదు. క్రిప్టోస్పోరిడియం అనే క్రిమి మామూలు మోతాదు క్లోరిన్‌లో కూడా వారం పైగా బతుకుతుంది, కాబట్టి విరేచనాలవుతున్న పిల్లని దింపొద్దు. పూల్ నీళ్లలో కలిపే మందులు మాత్రం తాళం వేసే, గాలాడే గదిలో, పిల్లలకి అందని ఎత్తులో పెట్టండి. యాసిడ్‌నీ క్లోరిన్‌నీ ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. రెండు రకాల క్లోరిన్లని కూడా ఒకే చెంబుతో తీయకండి, మంటలు రావచ్చు. మందుని నీళ్లలో పోయాలి గానీ మందు మీద నీళ్లు పోయకూడదు.

"కట్టించేసి, పిల్లలు పెద్దయ్యేదాకా ఖాళీగా ఉంచుతాం" అని కూడా రాశారు. అది రెండు విధాలా చెడు. ఖాళీ పూల్ అంటే మనిషెత్తు గొయ్యి, కింద గట్టి నేల. వానొస్తే అడుగున నీళ్లు చేరతాయి, పడిన పిల్ల ఎక్కి రాలేదు. దానికి తోడు, భూగర్భ జలం పైకొచ్చిన చోట్ల ఖాళీ తొట్టిని కిందనుంచి నీరు ఎత్తేస్తుంది, గోడలు పగులుతాయి. లోపలి నీళ్ల బరువే దాన్ని కింద పట్టి ఉంచేది.

ఆగేట్టయితే ఈలోపు పిల్లల్ని బయట ఈత క్లాసులకి తీసుకెళ్లండి. పెరట్లో గాలి ఊదే చిన్న టబ్బు పెట్టుకుంటే పిల్లలు బయటికి రాగానే బోర్లించేయండి, రేపటికి పనికొస్తాయని నీళ్లు దాచొద్దు. ఆగకుండా కట్టించేట్టయితే మాత్రం ఒక మూల 30 సెంటీమీటర్ల లోతులో వెడల్పాటి మెట్టు పెట్టించండి, పిల్లలు కూర్చుని ఆడుకోవచ్చు, పక్కనే పెద్దవాళ్లూ కూర్చోవచ్చు. మిగతాది మరీ లోతుగా వద్దు. పిల్లలు తలకిందులుగా దూకడం మాత్రం ఎప్పటికీ నిషేధమే. పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపు ఒక పెద్దమనిషికి అదొక్కటే పని, ఫోన్ ఇంట్లో పెట్టేసి. "అందరం ఉన్నాం కదా" అన్న రోజే ఎవరూ చూడరు. కాబట్టి ఇప్పుడు ఎవరి వంతో నోటితో చెప్పుకోండి, లేచేటప్పుడు ఇంకొకరికి చెప్పి లేవండి. పాప దగ్గరైతే చేయి చాస్తే అందేంత దూరంలో ఉండాలి.

మీరిద్దరూ, పిల్లల్ని చూసుకునే నానమ్మా అమ్మమ్మా కూడా సీపీఆర్, అంటే ఊపిరీ గుండే ఆగినవాళ్లకి చేసే ప్రథమ చికిత్స, నేర్చుకోండి. మునిగినవాళ్లకి ముందు నోటితో ఊపిరి అందించి, తర్వాత ఛాతీ నొక్కుతారు, ఎందుకంటే అక్కడ కరువైంది గాలి. పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా పట్టుకుని తిప్పడం లాంటివి చేస్తే విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి ఆగాక నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. పిల్ల కనబడకపోతే ముందు పూల్ దగ్గరికి పరిగెత్తండి, గదులు తర్వాత వెతకండి.

కాంట్రాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లేటప్పుడు మీ షరతులు కాగితం మీద ఉండాలి. కంచె, గేటు కొటేషన్‌లోనే ఉండాలి, "అవి తర్వాత చూసుకుందాం" అంటే ఒప్పుకోకండి. తవ్వడం మొదలైన రోజునే చుట్టూ తాత్కాలిక కంచె వేయాలి, సగం కట్టిన గోతిలో నిలిచే వాననీరు కూడా నీరే. అసలు కంచె పూర్తయి, వేలెడు సందు నుంచి గేటు తనంతట తాను గడియ వేసుకున్నాకే నీళ్లు నింపాలి, ఆఖరి వాయిదా డబ్బు అప్పుడే ఇవ్వాలి. దీనికి అతను మొహం చిట్లిస్తే ఇంకొకర్ని చూసుకోండి.

మీరు పంపిన ప్లాన్‌లో ఇంటి వెనక గోడ నుంచి ప్రహరీ దాకా ఎన్ని మీటర్లో లేదు. అది కొలిచి చెప్పండి, చెట్లూ మోటారు గదీ ఎక్కడున్నాయో కూడా. నాలుగో వైపు కంచెకి చోటుందో లేదో, గేటు ఎటు వైపు పెట్టాలో దాన్ని బట్టి చెప్తాను.